తిట్టుట, కింద పదకొండు డిటోలు

నా చిన్నప్పుడు నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ తర్వాత చదువుకొనే కొద్దీ తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు ఎనభై దాటాక ఒక్క కార్డుముక్క రాయాలన్నా రెండుసార్లు నిఘంటువు తిరగేస్తున్నాను గానీ, పన్నెండేళ్ళ వయసులో, థర్డ్ ఫారం, అంటే ఇప్పటి ఎనిమిదో తరగతి, చదివే రోజుల్లో, నాకు తెలియని ఇంగ్లీషు మాట దొరల దగ్గర కూడా లేదని నా నమ్మకం. ఆ నమ్మకంతో నేను పాడుచేసిన కాగితాలు చాలానే ఉన్నాయి. ఒక కాగితంతో మాత్రం ఒక మంచి మనిషి కొలువే పోగొట్టబోయాను. నా తెలివితక్కువతనాన్ని ముందుగా నేనే ఒప్పేసుకుంటే చదివేవాళ్ళు కొంచెం తక్కువగా తిడతారని ఆశ.

మా ఊరు నందికొట్కూరుకు నాలుగైదు మైళ్ళ దూరంలో, కర్నూలు నుంచి కడప వైపు పోయే కాలువ ఒడ్డున ఉంది. అప్పటికి కర్నూలు కొత్తగా రాజధాని అయింది. ఆఫీసులు గుడారాల్లో ఉన్నా కాగితాలు మాత్రం గట్టి ఇంగ్లీషులో వచ్చేవి. ఊళ్ళో ఆ కాగితాలు చదవగలిగినవాళ్ళం ఇద్దరం. ఒకరు మా తాతయ్య. ఆయన కడప కోర్టులో ముప్పై ఏళ్ళు తీర్పులకు నకళ్ళు రాసి దిగిపోయిన మనిషి. కానీ కళ్ళకు పొరలు కమ్మి అక్షరం కనబడేది కాదు. రెండోవాణ్ణి నేను. నాకు అక్షరాలు బాగా కనబడేవి. అర్థాలే కనబడేవి కావు.

ఆ సంవత్సరం మా ఇంగ్లీషు మాస్టరు ఒకరోజు చివరి పీరియడులో పన్నెండు మాటలు రాయించారు. స్కోల్డ్, చైడ్, రెబ్యూక్, రిప్రూవ్, రిప్రోచ్, రిప్రిమాండ్, అప్‌బ్రెయిడ్, అడ్మానిష్, సెన్సూర్, కండెమ్, బ్లేమ్, అబ్యూజ్. పాపం ఆయన ఒక్కొక్కదానికీ వేరు వేరు అర్థం చెప్పి, వాక్యం కూడా చెప్పారు. నేను మొదటి మాట ఎదురుగా 'తిట్టుట' అని రాసుకున్నాను. రెండో మాటకు ఆయన చెప్పింది వింటే అదీ తిట్టుట లాగే వినబడింది. మూడోదీ అంతే. బయట గంట కొట్టేవాడు గంట దగ్గరకు నడుస్తున్నాడు. కిందికంతా డిటో గుర్తులు పెట్టి పుస్తకం మూసేశాను. తిట్టుట, దాని కింద పదకొండు డిటోలు. చూడ్డానికి చీమలబారులా ముచ్చటగా ఉండేది. ఇంగ్లీషువాళ్ళకు పనీపాటా లేక ఒక్క పనికి పన్నెండు పేర్లు పెట్టుకున్నారని జాలిపడ్డాను కూడా.

ఇక లస్కరు మామ సంగతి చెప్పాలి. లస్కరు అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. కాలువ గట్టు మీద తిరుగుతూ, తూములు ఎత్తి దించుతూ, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకు అందేట్టు చూసే సర్కారు మనిషి. జీతం చిన్నది, చేతిలోని తూము తాళం పెద్దది. ఆయన మాకు చుట్టమేమీ కాదు. పక్కిల్లు కాబట్టి మామ. నేను అల్లుణ్ణి.

వంతు తప్పి నీళ్ళు మళ్ళించుకొనేవాళ్ళు ఎప్పుడూ పెద్ద రైతులే. లస్కరు చిన్నవాడు. పెద్దవాళ్ళను ఎదురుగా ఒక మాట అనే ధైర్యం ఏ లస్కరుకు ఉంటుంది? అందుకని మా కాలువ మీద ఒక పద్ధతి ఉండేది. మామ వాళ్ళ నాయన కూడా లస్కరే, ఆయన నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఎక్కడన్నా దొంగగండి కనబడితే లస్కరు గట్టు మీద నిలబడి మనిషిని పల్లెత్తు మాట అనడు. కాలువను తిడతాడు. ఊరంతా వినేట్టు కాలువను పట్టుకొని నిలదీస్తాడు. మళ్ళలో పనిచేసేవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. గండి కొట్టినవాడు ఏమీ ఎరగనట్టు వచ్చి, ఇక్కడ తెగిందే అని ఆశ్చర్యపోయి, తానే నాలుగు తట్టల మన్ను వేస్తాడు. ఎవరి పరువూ పోదు. నీళ్ళు కడమడికి, అంటే కాలువ చివరి పొలాలకు, చేరతాయి. ఇంతకంటే మంచి న్యాయస్థానం నేను తర్వాతెక్కడా చూడలేదు.

ఆ ఏడు ఈ పద్ధతికి ఒక పెద్దాయన దగ్గర చుక్కెదురైంది. కాలువకు ఎగువన ఆయనది ఇరవై ఎకరాల మడి. ఊళ్ళో అందరికీ ఆయన పెదనాయనే. కడమడి నారు ఎండిపోతున్న రోజుల్లో ఆయన పొలం పక్క గట్టు తెగింది. మామ తెల్లవారి వెళ్ళి చూసి, అలవాటు ప్రకారం కాలువను తిట్టాడు. పెదనాయన మన్ను వేయించలేదు. పై ఆఫీసుకు అర్జీ వేయించాడు. లస్కరు తనను కూలీల ముందు అబ్యూజ్ చేశాడని అందులో ఉంది. వారం లోపల సంజాయిషీ రాసి ఇమ్మని మామకు ఇంగ్లీషులో తాఖీదు వచ్చింది.

మామ ఆ కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చేసరికి తాతయ్య భోజనం చేసి పడుకున్నాడు. ఆయన లేచేదాకా ఆగవచ్చు. నేనే ఆగలేదు. కాగితం చదివి, అబ్యూజ్ అంటే తిట్టుట అని మామకు తేల్చి చెప్పి, తిట్టావా లేదా అని ప్లీడరులా అడిగాను. తిట్టినాను గానీ ఆయప్పను కాదు, కాలువను గదా అన్నాడు మామ. సర్కారు కాగితంలో కాలువను తిట్టానని రాస్తే నా ఇంగ్లీషుకు ఏం మర్యాద? ఆ ముక్క వదిలేశాను. విధి నిర్వహణలో తిట్టినాను అని గట్టిగా రాస్తే చాలు అనుకున్నాను. గట్టిగా ఎట్లా? నా దగ్గర పన్నెండు మాటలున్నాయి. అన్నీ ఒకటే అర్థం. పప్పులో ఒక చుక్క నెయ్యి వేసేచోట పన్నెండు చుక్కలు వేస్తే రుచి పెరుగుతుందే గానీ తరుగుతుందా?

వేశాను. పైన చెప్పిన పెద్దమనిషిని నేను నా విధి ప్రకారం స్కోల్డ్, చైడ్, రెబ్యూక్ వగైరా చేసి, అప్‌బ్రెయిడ్ చేసి, కండెమ్ చేసి, చివరగా అబ్యూజ్ చేసితినని, ఒక్కటీ వదలకుండా పన్నెండూ ఒకే వాక్యంలో గుదిగుచ్చాను. ఇకముందు కూడా ఈ పనిని శ్రద్ధగా చేస్తూ ఉంటానని విన్నవించుకొని, తమ విధేయుడు అని ముగించాను. మామ నాలుక కొంచెం బయటపెట్టి తెలుగులో సంతకం చేశాడు. కాగితం నిండుగా ఉందని మెచ్చుకొని, గట్టు మీద కాసిన దోసకాయ ఒకటి తెచ్చి ఇచ్చి, సాయంత్రమే వెళ్ళి ఓవర్సీరు బంట్రోతు చేతిలో పెట్టి వచ్చాడు. దోసకాయ చేదు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

వారం తిరిగేసరికి ఓవర్సీరు వచ్చి మామ దగ్గర తూము తాళం, షట్టరు తిప్పే ఇనుప చెయ్యి రెండూ తీసుకున్నాడు. శుక్రవారం ఇంజనీరు కాలువ బంగళాకు వస్తున్నాడని, విచారణ జరిపి కొలువులోంచి తీసేస్తాడని, తప్పు లిఖితపూర్వకంగా ఒప్పుకున్నాక ఇక విచారించడానికి మాత్రం ఏముందని కూడా చెప్పిపోయాడు. మామ భార్య వచ్చి మా అవ్వ దగ్గర కూర్చుంది. ఏడవలేదు. కొంగు చివర చుట్టుతూ, విప్పుతూ కూర్చుంది. ముగ్గురు పిల్లలు, సెంటు భూమి లేదు. నీళ్ళు పంచేవాడి ఇంట్లో పొయ్యి ఆరిపోయేట్టుందని అవ్వ తాతయ్యకు చెప్పింది.

తాతయ్య నన్ను పిలిచి, ఏం రాశావో చెప్పమన్నాడు. నాకు కంఠతా వచ్చు. మొదట కొంచెం గర్వంగానే ఎత్తుకున్నాను. నాలుగో మాట దగ్గర తాతయ్య చేత్తో కళ్ళు మూసుకున్నాడు. పన్నెండో మాటకు ఆ చెయ్యి మొహమంతా కప్పింది. నేను 'ఇకముందు కూడా శ్రద్ధగా' అనేదాకా వచ్చి ఆగిపోయాను. నోట్సు తెచ్చి చదవమన్నాడు. చదివాను. తిట్టుట, డిటో, డిటో, డిటో.

"ఈ డిటోలు మీ అయ్యవారు పెట్టించినాడా?" అన్నాడు.

నేనే పెట్టుకున్నానన్నాను. నేను తిట్లకు సిద్ధపడి వీపు కూడా కొంచెం వంచాను. ఆ వీపు అట్లాగే ఉండిపోయింది.

మరునాడు బుధవారం. నన్ను బడికి పంపలేదు. పొద్దున్నే అరుగు మీద చాప వేయించి, నోట్సు చేతికిచ్చి కూర్చోబెట్టాడు. "ఈపొద్దంతా ఈడనే కూచో. వీధిలో ఎవరు ఎవర్ని ఏమన్నా రాసుకో. ఎవరన్నారు, ఎవర్నన్నారు, ఎవరి ముందర అన్నారు, అన్నాంక ఏమైంది. అంతే. మాట ముఖ్యం గాదు. అన్నాంక ఏమైందనేది మాత్రం ఇడిసిపెట్టొద్దు," అన్నాడు.

మా వీధికి ఆ రోజు నేను రాసుకొనేంత పనుంటుందని అనుకోలేదు. కానీ వింటూ కూర్చుంటే తెలిసింది, మనుషులు పొద్దున లేచింది మొదలు ఒకర్నొకరు అనుకుంటూనే బతుకుతారు. మొదటి పద్దు మా అవ్వదే. నిలబడి మజ్జిగ తాగుతున్నానని, తాగినదంతా మోకాళ్ళలోకి పోతుందని నన్ను కసిరింది. కసిరి, ఇంకో గ్లాసు పోసింది. తర్వాత ఎదురింటి అత్త. ఆమె అన్న కోయిలకుంట్ల నుంచి రెండేళ్ళ తర్వాత వచ్చాడు. కాళ్ళకు నీళ్ళిచ్చి, మొహం వైపు చూడకుండా, "మేము బతికుండామో లేదో సూసిపోదామని వచ్చినావా అన్నా," అంది. ఆయన తల వంచుకొని కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు, చెంబులో నీళ్ళు అయిపోయినా. అరగంటకు వాళ్ళింట్లోంచి ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుతున్న వాసన వచ్చింది.

చేదబావి దగ్గర ఇద్దరాడవాళ్ళు బిందె తగిలిందని అందుకున్నారు. అది ఇద్దరితో ఆగక, వాళ్ళ అమ్మల దాకా, అవ్వల దాకా పోయింది. మూడు పుటలు రాశాను. ఆ మూడు పుటలూ అవ్వ చించి పొయ్యిలో పెట్టింది. మూలింటి అత్తగారు కోడలు పాలు పొంగించిందన్న మాట మీద మొదలుపెట్టి, పెళ్ళిలో విడిది దగ్గర జరిగిన లోపం నుంచి ఏకరువు పెట్టి, పాల దగ్గరికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కోడలు ఆలోపల ఇల్లంతా అలికేసింది. సాయంత్రం ఒక ముసలి రైతు, జిన్నింగు మిల్లు వెనక పేకాట మరిగిన తమ్ముడి కొడుకును వీధి చివరికి పిలుచుకుపోయాడు. ఆయన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్నాడు. నాకు ఒక్క మాట వినబడలేదు. ఎవరి ముందర అన్నచోట 'ఎవరి ముందరా కాదు' అని రాసుకున్నాను. కాసేపటికి ఇద్దరూ కలిసి ఎద్దులకు మేత వేయడానికి పోయారు.

దీపాలు పెట్టకముందే తాతయ్య అరుగు మీదికి వచ్చి, రాసింది చదివించుకున్నాడు. ఒక్కొక్కటీ విని, ఒక్కొక్క మాట ఇచ్చాడు. అవ్వది చైడ్. కసురుకోవడంలో మజ్జిగ కూడా ఉంటుంది. ఎదురింటి అత్తది రిప్రోచ్, మన నిష్ఠూరం. అది మనవాళ్ళ మీదనే పనిచేస్తుంది, పరాయివాడితో నిష్ఠూరమాడితే వాడికి అర్థమే కాదు. పుటలు కాలిపోయినా నేను నోటితో చెప్పిన బావి దగ్గరిది అబ్యూజ్. అక్కడ ఏ తప్పుకోసం మొదలైందో ఇద్దరికీ గుర్తుండదు. మూలింటి అత్తగారిది అప్‌బ్రెయిడ్. ముసలి రైతుది అడ్మానిష్, మందలింపు. మందలించినవాడు తర్వాత మనతో కలిసి నడుస్తాడు. ఇట్లా చెబుతూ చెబుతూ, వీధిలో లేనివి రెండు మిగిలినాయని, అవి ఆఫీసుల్లోనే కాస్తాయని అన్నాడు. రిప్రిమాండ్, సెన్సూర్. మన తెలుగులో వాటికి తగిన మాట లేదేమో, ఎందుకంటే మనవాళ్ళు కోపం వస్తే అరుస్తారే గానీ రాసిపెట్టుకోరు.

వాటిలో గొంతు పెద్దది చేసి అనేది ఏది తాతా అని అడిగాను. అప్పుడు ఆయన చెప్పింది ఇంట్లో అవ్వకు కూడా అంతవరకు తెలియదు. కోర్టులో పనిచేస్తూ ఒక తీర్పుకు నకలు రాసేటప్పుడు ఒక గట్టు సరిహద్దు దగ్గర తూర్పుకు బదులు పడమర అని రాశాడట. ఆ నకలు పట్టుకొని ఇద్దరన్నదమ్ములు మళ్ళీ కోర్టుకెక్కారట. జడ్జి ఆయన్ను పిలిచి, కూర్చోమని, మీరు అని సంబోధిస్తూ రెండు నిమిషాలు మాట్లాడి పంపించాడు. మరునాడు నాలుగు పంక్తుల కాగితం వచ్చింది. దానికి ఇంకో నకలు ఆయన సర్వీసు పుస్తకంలో అతికించారు.

"నన్ను తిట్టినోళ్ళు శానామంది ఉండారురా," అన్నాడు. "ఒక్కడి మొగమూ గుర్తులేదు. ఆ నాలుగు పంక్తులు మాత్రం ఇప్పుడు అడిగినా చెప్తా. అరిచింటే మర్సిపోయిందును."

అవ్వ గడప దగ్గర నిలబడి వింటోంది. నేను నోట్సులో డిటోలన్నీ కొట్టేసి, ఒక్కొక్క మాట ఎదురుగా ఒక్కొక్క మనిషిని రాసుకున్నాను. శుక్రవారం ఏం చెప్పాలో తాతయ్య నాకు నేర్పలేదు. నువ్వు చేసిన పని గాబట్టి నువ్వే చెప్పుకోవాలి అన్నాడంతే.

శుక్రవారం కాలువ బంగళా వసారాలో మేజా వేశారు. ఇంజనీరు గోదావరి వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. బంట్రోతును కూడా అండీ అంటున్నాడు. పెదనాయన కుర్చీలో కూర్చున్నాడు. ఊరి జనం మెట్ల కింద, వాళ్ళలో నా భుజం పట్టుకొని తాతయ్య. మామ ఒక్కడే మధ్యలో నిలబడ్డాడు. ఎప్పుడూ ఉండే ఇనుప చెయ్యి లేక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్ని ఒకటి పట్టుకొని ఉన్నాడు.

ఇంజనీరు నా కాగితం పైకి చదివాడు. పన్నెండు మాటలూ ఒక్కొక్కటిగా, మధ్యలో ఆగి ఆగి చదివాడు. ఇవన్నీ ఒకే రోజు చేశావా అని మామను అడిగాడు. మామకు అర్థం కాలేదు. ఎవరు రాశారని అడిగాడు. అది అర్థమైంది. ఆ క్షణంలో మామ నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. పొరపాటున కూడా చూడలేదు.

"నేనే రాయించినా సార్," అన్నాడు. "రాసినోళ్ళది ఏం తప్పు ల్యా."

అప్పటిదాకా నాకు భయం నా పరువు గురించే. థర్డ్ ఫారం వాడికి ఇంగ్లీషు రాదని ఊరంతటి ముందు తేలిపోతుంది. ఆ మాట విన్నాక, నా పరువు పెద్ద బరువేమీ కాదనిపించింది. తాతయ్య నా భుజం మీద నుంచి చెయ్యి తీశాడు. తోయలేదు, తీశాడంతే. మెట్లెక్కి, నేనే రాశానని చెప్పాను.

ఇంజనీరు నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. అబ్యూజ్ అంటే ఏమిటి బాబూ అన్నాడు. రాసిన రోజు దానికి తిట్టుట అని అర్థం సార్ అన్నాను. మరి రెబ్యూక్? ఆ రోజు అదీ తిట్టుటే సార్. అడ్మానిష్? తిట్టుట సార్. ఆయన పన్నెండూ అడిగాడు. నేను పన్నెండు సార్లూ చెప్పాను. ఆరోదానికి జనం నవ్వు మొదలైంది. పదోదానికి బంట్రోతు కూడా నవ్వాడు. మామ ఒక్కడే నవ్వలేదు. అప్పుడు, అందులో ఒక్క మాట కూడా మామది కాదని, మామ కాలువను తిట్టానని చెబితే నేనే అది బాగుండదని వదిలేశానని చెప్పేశాను.

కాలువను తిట్టడమేమిటని ఇంజనీరుకు అర్థం కాలేదు. గోదావరి వైపు కాలువలను అట్లా అనరేమో. ఏమన్నావో అనమని మామను అడిగాడు. వసారాలో నిలబడి అనమంటే రాదన్నాడు మామ. అందరం లేచి గట్టు మీదికి పోయాం. గండి కొట్టిన చోట, ఇంజనీరు వస్తున్నాడని తెలిసి ఎవరో రాత్రికి రాత్రి వేసిన కొత్తమన్ను ఇంకా ఆరలేదు. మామ ముందు కాలువకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏమే కాలవమ్మా, నీకు బుద్ధుండాదా? నీ దావ యాడ, నువ్వు పోతాండేది యాడ? తుంగభద్రమ్మ కడుపున పుట్టినదానివి, పెద్దింటిదానివి, దొంగగండి దూరేదానికి నీకు మానం ల్యా? కడమడిలో నారు నోరు తెరుసుకోని సూస్తాంటే, నువ్వు ఈడ తిని పండుకుంటాండావే. తినేదానికి ఇరవై ఎకరాలు ఉన్యా, ఆకలి తీరదా నీకు?"

ఇంజనీరు నీళ్ళ వైపు చూస్తున్నాడు. పెదనాయన ముందుకు వచ్చి, చూడండి సార్, ఇవన్నీ నన్నే అన్నాడు, పేరు చెప్పకుండా నన్నే అన్నాడు అంటూ మొత్తుకున్నాడు.

తాతయ్య చేతికర్ర ఊతంతో గొంతు వినబడిన వైపు తిరిగాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడింది అదొక్కటే.

"దొంగగండి దూరిందని గదప్పా అన్నాడు. ఆ మాట నీకెట్ల తగిలింది?"

పెదనాయన ఇరుక్కుపోయాడు. తగిలిందంటే గండి తనదే. తగల్లేదంటే అర్జీ అబద్ధం. పచ్చిమన్ను వైపు ఒకసారి చూసి, నేనేమన్నా కేసు పెట్టినానా, ఊరికే ఒక మాట చెప్పినా, పోనీలెండి సార్ అని తలపాగా సర్దుకున్నాడు.

తిరిగి వచ్చాక ఇంజనీరు నా చేతికి కొత్త కాగితం ఇచ్చి, సంజాయిషీ మళ్ళీ రాయమన్నాడు. ఈసారి ఒకే మాట వాడాలి, పన్నెండింటిలో ఏది వాడతావో నువ్వే చెప్పు అన్నాడు. మందలింపు అందామంటే కాలువ మామ కంటే పెద్దది. కసురుకోవడం అందామంటే దండం పెట్టి కసిరేవాళ్ళుండరు. రిప్రోచ్ అన్నాను. ఎందుకని అడిగాడు. సొంతవాళ్ళనే అట్లా అంటారు సార్ అన్నాను. ఆయన కలం మూత తీసి నా చేతికిచ్చి, రాయి అన్నాడు. ఇనుప చెయ్యి, తాళం రెండూ తానే మామ చేతికి ఇచ్చాడు. ఇకముందు ఉత్తరాలు రాయించుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండవలసిందని మామకు ఒక హెచ్చరిక మాత్రం చేశాడు. నా మొదటి కాగితాన్ని ఫైలులో పెట్టలేదు. ఇంట్లో చూపించాలని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దారిలో మామ నన్ను ఒక్క మాట అంటాడని ఎదురుచూశాను. "ఏమల్లుడా, తూము తిప్పుతావా?" అన్నాడు. ఇద్దరం కలిసి తిప్పాం.

ఆ తర్వాత నేను ఉద్యోగంలో చేరి, సంజాయిషీలు అడిగే కాగితాలు రాయడమే పనిగా చాలా ఏళ్ళు గడిపాను. పైవాళ్ళు కోపంలో ఒక మాట చెప్పి రాయమంటే, వెంటనే రాసింది తక్కువ. ఎవరు, ఎవర్ని, ఎవరి ముందర, రాసినాక ఏమవుతుంది అని ఆ బుధవారం నాటి నాలుగు గళ్ళు మనసులో గీసుకొనేవాణ్ణి. చాలాసార్లు సాయంత్రానికి పైవాళ్ళే, ఆ మాట తీసేసి పిలిచి చెబుదాంలే అనేవారు. ఇప్పటికీ మనవలను ఏదన్నా అనవలసివస్తే, ఎవరి ముందరా కాకుండా పిలుచుకుపోయి, భుజం మీద చెయ్యి వేస్తాను. వాళ్ళు దానికంటే తిట్టడమే నయమంటారు.

ఇంత మంచివాణ్ణని చెప్పుకున్నాక ఒక చిన్న కక్ష సంగతి దాచడం ధర్మం కాదు. నేను ఎస్సెల్సీ పాసయి ఇంట్లో ఉన్న రోజుల్లో పెదనాయన పంచాయతీ ప్రెసిడెంటు. ఒకరోజు కాఫీ అంగడి ముందర బల్ల మీద కూర్చుని, పై ఆఫీసు నుంచి తన పేరుమీద వచ్చిన ఇంగ్లీషు కాగితం నలుగురికీ చూపిస్తున్నాడు. సీలు ఉంది, సంతకం ఉంది, కాగితం మందం. మెచ్చుకోలు అనుకున్నాడు పాపం. నన్ను కేకేసి చదవమన్నాడు.

నేను మనసులో ఒకసారి చదువుకున్నాను. జరపని మీటింగులకు జరిగినట్టు మినిట్సు రాసినందుకు, ప్రెసిడెంటును సెన్సూర్ చేయడమైనది, ఇది రికార్డులో ఉంచబడును. అంతే. నాలుగే పంక్తులు. ఇంటిదగ్గర చదువుదామా పెదనాయనా అని అడిగాను. తాతయ్య మీద ఒట్టు, నిజంగానే అడిగాను.

"ఈడనే సదువప్పా, అందరూ విననీ," అన్నాడు.

చదివాను. ఒక్కొక్క పంక్తి ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. సెన్సూర్ దగ్గరికి వచ్చేసరికి డిటో పెట్టి తప్పుకోలేదు. ఎవరు ఎవర్ని అంటారో, ఎక్కడ అతికిస్తారో, ఎన్నాళ్ళుంటుందో, తాతయ్య చెప్పినంత వివరంగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అందులో ఒక్క తిట్టు కూడా లేదు.

పెదనాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అంటే, నన్ను తిట్టినారా?" అన్నాడు.

కాగితం మడతలు సరిచేసి ఆయన చేతిలో పెట్టాను.

"ల్యా పెదనాయనా," అన్నాను. "తిట్టింటే బాగుండు."